తిథి తెలుసు, ఏ సంవత్సరమో తెలియదు



2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్‌లోకి వెళ్ళిన మొదటి రోజూ అదే. ముందు రోజు రాత్రి ఎనిమిదింటికి ప్రధానమంత్రి టీవీలో ఆ మాట చెప్పేసరికి మా వీధిలో కొందరు ఇంకా వేపపువ్వు కోసం తిరుగుతున్నారు. మర్నాడు పంచాంగ శ్రవణం యూట్యూబులో విన్నాం. సంవత్సరం పేరు శార్వరి. ఇంట్లోవాళ్ళు ఎవరి రాశికి ఎంత ఆదాయం, ఎంత వ్యయం అని చూసుకుంటుంటే నా బుర్రలో వేరే లెక్క నడిచింది. వెనకటి శార్వరి 1960. దానికి ముందుది 1900. ఆ పైది 1840. మా వాళ్ళలో ఆ మూడు శార్వరుల్లో పుట్టిందెవరు, పోయిందెవరు?

మా ఇంట్లో దీన్ని 'అమ్మ తవ్వకాలు' అంటారు. కాకినాడలో ఉద్యోగమంతా దస్తావేజుల మధ్యే గడిపి, రిటైరయ్యాక కొడుకు దగ్గరికి బెంగళూరు వైట్‌ఫీల్డ్ వచ్చేశాను. పాత కాగితం కనబడితే చదవకుండా వదల్లేని అలవాటు మాత్రం ఉద్యోగంతో పోలేదు. పుట్టింటి వైపు, అత్తింటి వైపు కుటుంబ చరిత్ర రాసుకుంటున్నాను. లైబ్రరీలు మూతబడ్డాయి, రైళ్ళు ఆగిపోయాయి, ఊళ్ళకి వెళ్ళే దారి లేదు, ఇంకేం పరిశోధన అని మా అబ్బాయి జాలిపడ్డాడు. నిజానికి ఇంత పని ఎప్పుడూ సాగలేదు. చుట్టాలందరూ ఇళ్ళల్లోనే ఉన్నారు. ఫోనెత్తారు. అన్నిటికీ మించి, అటకలు దులిపారు.

ముందు ఈ పనిలో ఉన్న చిక్కు చెప్పాలి. ఎవరు ఏ తిథిన పోయారో మన పెద్దలకి కంఠతా వచ్చు. మాఘ బహుళ ద్వాదశి అంటారు, తడుముకోరు. ఏ సంవత్సరం అని అడిగి చూడండి. 'అప్పటికి మీ నాన్నకి ఇంకా పెళ్ళి కాలేదు' అంటారు. తద్దినం పెట్టడానికి మాసం, పక్షం, తిథి ఉంటే చాలు, సంవత్సరంతో పని లేదు. పని లేనిది ఎందుకు గుర్తుంటుంది? పోనీ, సంవత్సరం పేరు గుర్తున్నా అది అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది. దానికి తోడు తాత పేరు మనవడికి పెట్టుకుంటాం. చేతిలో ఉన్న కాగితంలో ఇంటిపేరు అదే, మనిషి పేరు అదే, సంవత్సరం పేరూ అదే అయితే, ఆ సంతకం తాతదా మనవడిదా? నా వారమంతా ఇది తేల్చుకోవడంతోనే గడుస్తుంది.

బ్రిటన్‌లో, అమెరికాలో ఈ పనికి జనాభా లెక్కలు తిరగేస్తారు. బ్రిటన్లో నూరేళ్ళకి, అమెరికాలో డెబ్బై రెండేళ్ళకి ఇంటింటి పేర్లూ బయటపెడతారు. మనకి 1948 నాటి చట్టం ప్రకారం మనిషి వివరాలు గోప్యం. మొత్తాలు అచ్చవుతాయి, పేర్లు బయటికి రావు. అన్నట్టు, 2021 జనాభా లెక్కల కోసం ఇళ్ళ పట్టిక రాయడం ఏప్రిల్ 1న మొదలవ్వాల్సింది. దాన్నీ ఆ ఉగాది రోజునే వాయిదా వేశారు.

ఇక ఆ లాక్‌డౌన్ రోజుల్లో నా వారం. హాల్లో అబ్బాయి మీటింగు, పడగ్గదిలో కోడలి మీటింగు, రెండో గదిలో మనవడి ఆన్‌లైన్ క్లాసు. నాకు దక్కింది యుటిలిటీ. వాషింగ్ మెషీనుకీ గోడకీ మధ్య మడత బల్ల వేసుకుని కూర్చుంటాను.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి, ఆవిడ కునుకు తీసి లేచే వేళకి, పిఠాపురంలో ఉన్న మా చిన్న మేనత్తకి ఫోన్ చేస్తాను. తొంభై నిండాయి. ఒక చెవి బాగా వినిపిస్తుంది, ఏ చెవి అన్నది రోజూ మారుతుంది. ఈవిడని సంవత్సరం అడిగి లాభం లేదు. అడిగే పద్ధతి వేరు. 'అత్తయ్యా, అది గోదావరి వరదకి ముందా, తర్వాతా?' 'ఏ వరదే? మీ నాన్న రాజమండ్రిలో చిక్కుకుపోయాడే, ఆ వరదా? దానికి ముందే.' నాన్న చిక్కుకుపోయింది 1953 వరదలో. 1986 వరద నాటికి ఆయన రిటైరై ఇంట్లోనే ఉన్నారు. అంటే అత్తయ్య చెబుతున్న ఆ పెళ్ళి 1953కి ముందుది. అలా ఒక మేకు దిగిందంటే దానికి నాలుగైదు సంగతులు తగిలించవచ్చు.

మన జ్ఞాపకం పట్టుకునేది విపత్తుల్నే. గుంటూరు వైపు పెద్దవాళ్ళు నందన కరువు అనేవారు. అది 1832-33. జిల్లాలో ఐదు లక్షల జనం ఉంటే రెండు లక్షల దాకా పోయారని అంచనా. సీమలో ధాతు కరువు, 1876లో మొదలైంది. అదే కరువు మైసూరు రాజ్యాన్నీ తిన్నది. 1871లో యాభై లక్షల పైచిలుకు ఉన్న జనం 1881 నాటికి నలభై రెండు లక్షల లోపుకి వచ్చారు. మా కోరంగి తీరానికి 1839 నవంబరు ఉప్పెన, సంవత్సరం వికారి. బెంగళూరుకి 1898 ప్లేగు, సంవత్సరం విళంబి. ఆ ప్లేగు తర్వాతే ఊరు విశాలంగా ఉండాలని బసవనగుడి, మల్లేశ్వరం లాంటి పేటలు పెంచారు.

1918 ఇన్‌ఫ్లుయెంజా కాళయుక్తి సంవత్సరంలో వచ్చింది. దేశంలో కోటి పైచిలుకు నుంచి కోటీ ఎనభై లక్షల దాకా పోయారని రకరకాల లెక్కలున్నాయి. 1901 తర్వాత దేశ జనాభా తగ్గిన దశాబ్దం 1911-21 ఒక్కటే. అంత పెద్ద చావు గురించి మా ఇళ్ళలో ఒక్క కథా వినలేదు. కానీ వంశవృక్షంలో దాని గుర్తులున్నాయి. పెంటయ్య, పుల్లయ్య, పెంటమ్మ అనే పేర్లు కనబడితే ఆగి చూడండి. పుట్టిన బిడ్డలు పుట్టినట్టు పోతుంటే, ఈ బిడ్డనైనా మృత్యువు పట్టించుకోకుండా పోతుందని చెత్త పేరు, చేదు పేరు పెట్టేవాళ్ళు. వృక్షంలో ఒక పెంటయ్య ఉన్నాడంటే, ఆయన పైన పేర్లు లేని ఇద్దరో ముగ్గురో ఉన్నారని అర్థం. 1919, 1920ల్లో పుట్టినవాళ్ళలో అలాంటి పేర్లు మా వైపు గుంపుగా ఉన్నాయి. కారణం జ్వరమే అని రుజువు చెయ్యలేను. అనుమానం మాత్రం అదే.

మంగళవారం స్టాంపులు. ఇది పరిశోధన కాదు, సరదా. మా అబ్బాయి చిన్నప్పుడు మొదలుపెట్టి మానేసిన ఆల్బమ్‌ని నేను కొనసాగిస్తున్నాను. తపాలా బిళ్ళలతో పాటు పాత స్టాంపు కాగితాలూ దాస్తాను. సరదా కూడా ఒక్కోసారి అక్కరకొస్తుంది. మా అమ్మమ్మ వాళ్ళింటి నుంచి వచ్చిన ఒక దస్తావేజు ఫొటో నాకు చాన్నాళ్ళు కొరకరాని కొయ్యగా ఉండేది. ఆడపిల్లకి పసుపు కుంకుమల కింద ఎకరం చిల్లర పల్లపు భూమి రాసిచ్చిన కాగితం. తేదీ చోట 'ధాతు నామ సంవత్సర కార్తీక మాసం' అని ఉంది. ధాతు అంటే 1876 కావచ్చు, 1936 కావచ్చు. ఫొటో పెద్దది చేసి చూస్తే, పైన మూల ముద్రలో విక్టోరియా తల. 1936 కాగితమైతే జార్జి ఉండాలి. ఇంకా కిందికి వస్తే, పన్ను సంగతి రాసిన చోట 'ఫసలీ 1286' అని ఉంది. మద్రాసు రాజధానిలో ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జూలైతో మొదలు. 1286కి 590 కలిపితే 1876. సీమ ఎండి మాడుతున్న ఏడాదే, ధవళేశ్వరం ఆనకట్ట కింద మా వాళ్ళు పల్లపు భూమి కూతురికి పసుపు కుంకుమగా ఇచ్చుకున్నారు. 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట ఎవరిని ఎటువైపు నిలబెట్టిందో ఆ ఒక్క కాగితం చెబుతుంది.

ఆ కాగితంలో మరో విశేషం ఉంది. ఆ భూమి పుచ్చుకున్న ఆడపిల్ల పేరు. మా వంశవృక్షంలో ఆవిడ లేదు. మగవాళ్ళ పేర్ల కింద మగవాళ్ళ పేర్లు రాసుకుంటూ పోయిన వృక్షమది. ఆడవాళ్ళు కావాలంటే పసుపు కుంకుమ దస్తావేజులు వెతకాలి, తద్దినంలో చెప్పే పేర్లు వినాలి. తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నాయనమ్మ, తాతమ్మల పేర్లూ పురోహితుడి నోట వస్తాయి. మగవాళ్ళు పుస్తకంలో మిగిలారు, ఆడవాళ్ళు మంత్రంలో మిగిలారు.

బుధ, గురువారాలు చదువు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో స్కాన్ చేసి పెట్టిన పాత పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. హెమింగ్వే రాసిన 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీరు, మెకంజీ కైఫీయత్తులు. కైఫీయత్తు అంటే ఊరి కరణం చెప్పి రాయించిన ఊరి చరిత్ర. కాలిన్ మెకంజీ పేరు పుస్తకాల మీద ఉంది కానీ, ఊరూరా మనుషుల్ని నడిపించి రాయించింది ఏలూరు కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. నన్నడిగితే అవి కావలివారి కైఫీయత్తులే. వీటికి ముందు ఈ పని నోటితో చేసే కులాలే ఉండేవి. భట్రాజులు, రెడ్లకి గోత్రాలూ ఇంటిపేర్లూ చెప్పే పిచ్చుకుంట్లవాళ్ళు, పద్మశాలీలకి కూనపులివాళ్ళు. పంటలు ఇంటికొచ్చే వేళకి వచ్చి, వంశం చెప్పి, గింజలు పట్టుకెళ్ళేవాళ్ళు. లాక్‌డౌన్ రోజుల్లో వాళ్ళని గడప తొక్కనిచ్చేదెవరు?

శుక్రవారం ఏమీ తవ్వను. గళ్ళనుడికట్టు నింపుతాను, రేడియో వింటాను. ఆ ఎండాకాలమంతా మామిడికాయ గొడవ. శ్రీనివాసపురం కాయ గేటు దగ్గరికి బండి మీద వచ్చేది, పచ్చడికి పనికొచ్చే పుల్లటి పీచు కాయ మాత్రం దొరకలేదు. దొరికినదానితోనే ఆవకాయ పెట్టాను. దాని గురించి ఇంతకంటే మాట్లాడను.

శనివారం పొద్దున్న నడక. మే మొదట్లో సడలింపులు ఇచ్చాక మొదలుపెట్టాను. అరవై అయిదు దాటినవాళ్ళు ఇల్లు కదలొద్దన్నారు. నాకప్పటికింకా నిండలేదు. మాస్కు పెట్టుకుని ఇన్నర్ సర్కిల్ దాకా వెళ్ళొస్తాను. ఐటీ కంపెనీల వైట్‌ఫీల్డ్ తెలిసినవాళ్ళకి ఇది కాస్త వింతగా ఉంటుంది. 1882లో మైసూరు మహారాజు చామరాజేంద్ర ఒడయరు ఇక్కడ ఆంగ్లో ఇండియన్ల సంఘానికి 3,900 ఎకరాలు ఇచ్చారు, వ్యవసాయం చేసుకు బతకమని. ఆ సంఘం పెట్టిన డి.ఎస్. వైట్ పేరు మీదే వైట్‌ఫీల్డ్. గుండ్రంగా ఇళ్ళు, మధ్యలో మైదానం, పక్కన మెమోరియల్ చర్చి. ఇప్పుడక్కడ పాత పెంకుటిళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి.

ఆ ఇళ్ళ ముందు నడుస్తుంటే నాకు అసూయ. ఆ కుటుంబాలవాళ్ళకి చర్చి రిజిస్టర్లున్నాయి. బాప్టిజం, పెళ్ళి, ఖననం, మూడింటికీ తేదీలు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో అలాంటి రిజిస్టర్ల నకళ్ళు లండన్ వెళ్ళేవి, ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాళ్ళ మునిమనవళ్ళు ఏ ఆస్ట్రేలియాలోనో కూర్చుని ముత్తాతని వెతుక్కోవచ్చు. అదే వైట్‌ఫీల్డు చుట్టూ ఉన్న వర్తూరు, హూడి, కాడుగోడిల్లో ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే పాత రైతు కుటుంబాలున్నాయి. వైట్ గారికంటే ముందు నుంచీ ఉన్నవాళ్ళు. వాళ్ళకి ఏ రిజిస్టరు? పొలం కాగితాలే. ఆ పొలాల మీద అపార్టుమెంట్లు లేచాయి, ఒకదాంట్లో నేనే ఉన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. సామర్లకోటలో ఉన్న మా పెదనాన్న కొడుకు ఏప్రిల్లో అటక దులుపుతూ ఒక చదివింపుల పుస్తకం బయటికి తీశాడు. పేజీ పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. మా పెద్ద మేనత్త పెళ్ళి, బహుధాన్య సంవత్సరం వైశాఖం, అంటే 1938. పొడుగాటి ఖాతా పుస్తకం, ఎర్ర బట్ట అట్ట. మొదటి పేజీ పైన శ్రీకారం, పక్కన పసుపు బొట్టు ఎండి గోధుమరంగుకి తిరిగింది. ఒక్కో పంక్తిలో ఊరు, పేరు, మొత్తం. రూపాయి, అణా, పైలకి మూడు గళ్ళు. సున్నా-నాలుగు-సున్నా అంటే పావలా. సున్నా-ఎనిమిది-సున్నా అంటే అర్ధ రూపాయి. డబ్బు కానిచోట 'ఇత్తడి చెంబు 1', 'రవికల గుడ్డలు 2'. నాలుగో పేజీ మధ్యలో చేతిరాత మారింది. రాసేవాడు భోజనానికి లేచి ఉంటాడు. ఆ తర్వాతి చేతికి ఒత్తులు సరిగా రావు.

మన కుటుంబ చరిత్రకి ఇంతకు మించిన పుస్తకం లేదని నా నమ్మకం. వంశవృక్షం ఒక్క రక్తాన్నే చూపిస్తుంది. ఇందులో వియ్యాలున్నాయి, స్నేహాలున్నాయి, ఊరి మంగలి, చాకలి, షావుకారు ఉన్నారు. ఏ ఊరికి పిల్లనిచ్చామో, ఏ ఊరి నుంచి తెచ్చుకున్నామో ఊళ్ళ వరస చూస్తే తెలిసిపోతుంది. రావాల్సిన చుట్టం పేరు లేదంటే అక్కడో తగాదా ఉందన్నమాట.

అందులో ఒక పంక్తి నన్ను పట్టుకుంది. 'రంగం నుంచి మనియార్డరు, 5-0-0.' పావలాలు, అర్ధలు చదివించిన పెళ్ళిలో అయిదు రూపాయలు. పేరు చోట తడి తగిలి అలుక్కుపోయింది.

రంగం అంటే రంగూను. మన తీరపు రేవుల నుంచి ఓడెక్కి బర్మా వెళ్ళినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. బియ్యం మిల్లుల్లో, రేవులో మూటలు మోస్తూ, రిక్షాలు లాగుతూ బతికారు. మేస్త్రీ అప్పిచ్చి టిక్కెట్టు కొనేవాడు, అప్పు తీరేదాకా ఆయన చూపించిన చోటే పని. కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారు. 1931 లెక్కల్లో రంగూను జనంలో సగానికి పైగా భారతీయులే. దానికి ముందు సంవత్సరమే రేవులో తెలుగు కూలీల సమ్మె దగ్గర మొదలైన గొడవ ఊరంతా మారణకాండ అయింది. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డాక, ఓడ దొరకనివాళ్ళు కొండలూ అడవులూ పడి మణిపూర్, అస్సాం వైపు నడిచారు. దారిలో పోయినవాళ్ళ లెక్క ఈనాటికీ తేలలేదు.

ఇక్కడొక విచిత్రం చూడండి. ఇంకా దూరం, ఒప్పంద కూలీలుగా వెళ్ళినవాళ్ళకి కాగితాలున్నాయి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. అది మొదలు 1911 దాకా నాతాల్ వెళ్ళిన 1,52,184 మందిలో ఒక్కొక్కరికీ ఒక నంబరు. పక్కన తండ్రి పేరు, కులం, ఊరు, తాలూకా, వయసు, ఒంటి మీద పుట్టుమచ్చలతో సహా. మారిషస్‌లో మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఆ దేశానికి వెళ్ళిన కొందరి ఫొటోలూ ఉన్నాయి. బర్మా వెళ్ళినవాడు డెక్కు టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాడు. అతన్ని అలా నంబరు వేసి రాసిపెట్టిన దొర లేడు. సంకెల లాంటి ఒప్పందం మీద వేలిముద్ర వేసినవాడి పేరు మిగిలింది, తన టిక్కెట్టు మీద తాను వెళ్ళినవాడి పేరు పోయింది.

చదివింపుల పుస్తకం ఫొటోలు చూస్తున్న రోజుల్లోనే మా ఎదురుగా కడుతూ ఆపేసిన బిల్డింగులోంచి పనివాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని హొసకోట వైపు నడిచి వెళ్ళడం బాల్కనీలోంచి చూశాం. బిస్కెట్లు, నీళ్ళ సీసాలు కిందికి పంపాం. అంతకంటే ఏం చేశాం? మే 1 నుంచి శ్రామిక్ రైళ్ళు వేశారు, అప్పటికే చాలామంది నడిచిపోయారు. ఎనభై ఏళ్ళ తర్వాత వీళ్ళ మనవరాలెవరో వెతుక్కుంటే ఎక్కడ దొరుకుతారు? మేస్త్రీ హాజరు పుస్తకంలో దొరకవచ్చు, దాన్ని ఎవరైనా అటక మీద పెట్టి ఉంటే.

మళ్ళీ సోమవారం అత్తయ్యకి ఫోన్ చేశాను. రంగం అన్న మాట మొదటిసారి వినబడలేదు. రెండోసారి గట్టిగా అంటే, 'రంగం మావయ్యా!' అంది. వాళ్ళమ్మకి పినతల్లి కొడుకట. ఒకసారి వచ్చినప్పుడు లక్క డబ్బా, కాగితం గొడుగు తెచ్చాడట. గొడుగు పెద్దత్తయ్యకిచ్చి తనకివ్వలేదని ఈవిడ ఇప్పటికీ మరిచిపోలేదు. యుద్ధంలో ఆయన ఏమయ్యాడో తెలియదు. కూతురొక్కతే తిరిగొచ్చింది, ఎవరి వెంటో నడిచి నడిచి, కాళ్ళు పుళ్ళు పడి.

'ఎప్పుడత్తయ్యా?'

'కాకినాడ మీద బాంబు పడ్డాక. అందరం పల్లెటూళ్ళకి పారిపోయామే, అప్పుడు.'

జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులేసింది 1942 ఏప్రిల్ 6న. చిత్రభాను సంవత్సరం, అప్పుడే ఉగాది వెళ్ళింది. నేను ఆ తేదీ కాగితం మీద రాసుకుంటూ, ఆ పిల్ల తర్వాత ఎక్కడుందని అడిగాను. తుని వైపు ఇచ్చారన్న గుర్తు, ఇంటిపేరు తట్టడం లేదు, ఆలోచించి చెబుతానంది. ఆ వారం తుని వైపు ఉన్న మా వాళ్ళందరికీ ఫోన్లు చెయ్యాలనుకున్నాను. పెట్టెయ్యబోతుంటే అత్తయ్య ఆపింది.

'ఏమే అమ్మాయ్, వాళ్ళ జాడ దొరికితే ముందు ఒకటి కనుక్కో. ఆ పిల్ల పెళ్ళికి మనవాళ్ళు తిరిగి చదివించారో లేదో. అయిదు రూపాయలే అప్పట్లో! మనం బాకీ ఉన్నామేమో చూడు.'